మట్టిలోంచి తీసిన సీసా

గనుల మంత్రిగారు ఎర్రమట్టి గుట్ట కింద వేసిన వేదికెక్కి, "ఈ రోజు నుంచి ఈ మట్టిని ఎవరూ మట్టి అనకూడదు!" అని ప్రకటించారు.

సభ చప్పట్లతో మారుమోగింది. మట్టిని మట్టి అనకపోతే ఇంకేమనాలో ఆయన అప్పటికింకా చెప్పలేదు. చెప్పకముందే కొట్టారంటే ఆయన మీద జనానికి ఎంత గురి ఉందో ఊహించుకోవచ్చు.

"దీన్ని ఖనిజం అనాలి. లో గ్రేడ్ ఖనిజమని కొంతమంది మేధావులు పెదవి విరుస్తున్నారు. గ్రేడ్ అనేది మట్టిలో ఉండదు, చూసే కంట్లో ఉంటుంది. ఈ లో గ్రేడ్ లోపల హై గ్రేడ్ అల్యూమినా, అంటే అల్యూమినియానికి మూలమైన తెల్లటి పొడి, దాక్కుని కూచుంది. రసాయన పద్ధతిలో దాన్ని బయటికి లాగుతాం. స్వచ్ఛత ఎంతో తెలుసా? తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది! నా మెజారిటీ కూడా ఏనాడూ అంత రాలేదు. వచ్చే శాసనసభ సమావేశాల్లో ఆ అల్యూమినాని సీసాలో పోసి సభ ముందు పెడతాను. పెట్టలేకపోతే..."

మంత్రిగారు ఆగారు. జనం ఊపిరి బిగబట్టారు. విలేకరులు పెన్నులు పైకెత్తారు.

"పెడతాను," అని ఆయన ముగించారు.

ఐదో వరసలో ప్రభుత్వ ఖనిజ పరీక్షల ల్యాబు సిబ్బంది కూచున్నారు. కుర్చీలు ఖాళీగా కనపడకూడదని పైనుంచి ఫోను వస్తే వచ్చారు. వాళ్లలో కెమిస్టు ఒకావిడ. ల్యాబులో డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరూ ఆమెని కెమిస్టమ్మ అనే పిలుస్తారు. ఆమె పక్కనున్న డైరెక్టరు చెవి దగ్గరికి వంగింది.

"సార్, ఈ సంగతి మనకెవరైనా ముందు చెప్పారా?"

"ఇప్పుడు చెప్పారుగా," అన్నాడు డైరెక్టరు, చప్పట్లు ఆపకుండానే.

డైరెక్టరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన ఆ పదవిలోకి వచ్చాక పరీక్షనాళిక ముట్టుకున్నట్టు ఎవరికీ గుర్తులేదు. అయినా తెల్లకోటు లేకుండా ఎప్పుడూ కనిపించడు. ల్యాబులో తయారయ్యే ఏ పొడీ ఆ కోటంత తెల్లగా ఉండదు.

కెమిస్టమ్మకి ఆ గుట్ట మట్టి కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే దాన్ని పరీక్ష చేసింది. అందులో అల్యూమినా ఉన్నమాట నిజమే. దాని చుట్టూ ఇసుక ఉంది, ఇనుము ఉంది. ఉండటం వేరు, చెప్పిన తేదీకి బయటికి రావడం వేరు. ఈ తేడా ఎవరికి చెప్పాలా అని ఆమె అటూ ఇటూ చూసింది. అందరి చేతులూ చప్పట్లతో తీరిక లేకుండా ఉన్నాయి.

*

మర్నాడే మంత్రిగారు పీఏనీ ఫొటోగ్రాఫర్లనీ వెంటేసుకుని ల్యాబుకి విచ్చేశారు.

ల్యాబంటే ఒక పొడవాటి గది. గోడ వారన అద్దాల గూడు, దానిమీద ఆమ్లం పొగలు లాగేసే ఫ్యాను. ఆ ఫ్యాను తిరిగినప్పుడల్లా రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు మోత. మూలన కొలిమి. దాని తలుపు దానంతట అది పడదు, ఇటుక ఆనించాలి. కిటికీల పక్కన వరసగా నీళ్ల సీసాలు. ఊళ్లో బోర్ల నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో తేల్చమని పేటల వాళ్లు పంపినవి. నిజానికి కెమిస్టమ్మ రోజువారీ పని అదే.

మంత్రిగారు ఎర్రమట్టి ఉన్న పళ్లేన్ని చేత్తో పట్టుకుని ఫొటో దిగాక అడిగారు.

"ఇందులో అల్యూమినా ఎంతుందమ్మా?"

"పావువంతుకి కాస్త అటూ ఇటూగా సార్."

"మరి మిగతాది?"

"ఎక్కువ ఇసుకే సార్. తర్వాత ఇనుము."

"ఇనుమూ ఉందా!" మంత్రిగారి మొహం వెలిగిపోయింది. పీఏ వైపు తిరిగి, "ఇనుము కూడా ఉందటయ్యా. గుర్తుపెట్టుకో. అది ఎన్నికల ముందు ప్రకటిద్దాం," అన్నారు.

కెమిస్టమ్మ ఓపిగ్గా వివరించింది. ముందు మట్టిని కాల్చాలి, కాల్చకపోతే ఆమ్లానికి లొంగదు. కాల్చినదాన్ని ఆమ్లంలో మరిగిస్తే అల్యూమినా, ఇనుము కరిగి నీళ్లలో కలుస్తాయి, ఇసుక అడుక్కి చేరుతుంది. వడకట్టి ఇసుకని పారేయాలి. మిగిలిన నీళ్లని చల్లార్చి, అందులోకి ఆమ్లవాయువుని బుడగలు బుడగలుగా పంపాలి. అప్పుడు అల్యూమినియం ఉప్పు ఒక్కటే స్ఫటికాలుగా కిందికి దిగుతుంది. ఇనుము నీళ్లలోనే ఉండిపోతుంది. ఆ స్ఫటికాల్ని కొలిమిలో బాగా కాలిస్తే తెల్లటి అల్యూమినా.

మంత్రిగారు కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"బాగుంది. ఇందులో ఏదైనా ఒక మెట్టు తగ్గించలేమా?"

"కుదరదు సార్."

"ఎందుక్కుదరదమ్మా? మేం రోడ్డు వేసేటప్పుడు మూడు పొరలని చెప్పి ఒక పొర వేస్తాం. జనం నడవట్లేదా?"

"ఇనుముతోనే ఇబ్బంది సార్. ఓ పట్టాన వదలదు. స్ఫటికాలతో పాటే అంటుకుని వచ్చేస్తుంది."

"మా పార్టీలోనూ అలాంటివాళ్లు ఉన్నారు. ఏదో ఒక కార్పొరేషన్ పదవి ఇస్తే వాళ్లే వదిలేస్తారు. నువ్వూ అలాంటిదేదో చూడు," అని మంత్రిగారు సాంకేతిక సలహా ఇచ్చారు. డైరెక్టరు ఆ సలహాకి తల పంకించాడు.

సందు దొరికింది కదా అని కెమిస్టమ్మ నోరు తెరిచింది. "సార్, ఈ కొలిమి తలుపు..."

"అన్నీ ఉన్నాయి సార్!" అన్నాడు డైరెక్టరు. "మా ల్యాబులో లేనిది లేదు."

"ఉన్నాయిగా మరి!" అని మంత్రిగారు చేతులు దులుపుకున్నారు. కొంచెం ఎర్రమట్టి నేల మీద రాలింది. "మిగతా పనులన్నీ పక్కన పెట్టండి. మీ ల్యాబుకి ఇక అల్యూమినా తప్ప వేరే ఆలోచన ఉండకూడదు."

ఆ సాయంత్రానికల్లా నీళ్ల సీసాలన్నీ మెట్ల కిందికి చేరాయి. ఏ పేట నుంచి ఎవరొచ్చి, "మా నీళ్ల సంగతి ఏమైందండీ?" అని అడిగినా, కాపలా మనిషి, "అల్యూమినా వచ్చాక," అని చెప్పేవాడు. అల్యూమినా అంటే రావాల్సిన పెద్దాఫీసరేమో అనుకుని వాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

*

కెమిస్టమ్మ పగలంతా ఆమ్లం పొగల్లో నిలబడింది. కాల్చింది, మరిగించింది, వడకట్టింది. పీఏ రోజూ వచ్చి అద్దాల గూడు ముందు కుర్చీ వేసుకు కూచునేవాడు.

"ఆ బుడగలు ఇంకొంచెం జోరుగా పంపకూడదామ్మా?"

"జోరుగా పంపితే స్ఫటికాలు సన్నగా, గుంపులుగా వస్తాయి సార్. వాటి సందుల్లో ఇనుము నీళ్లు ఇరుక్కుంటాయి. నిదానంగా పోనిస్తేనే శుభ్రంగా వస్తాయి."

"నిదానంగా అంటే సమావేశాలు అయిపోతాయి. మంత్రిగారు మాటిచ్చేశారు. జోరు పెంచండి."

జోరు పెంచారు. స్ఫటికాలు దిగాయి. ఇటుక ఆనించిన కొలిమిలో కాల్చారు. తలుపు తీసి మూసగిన్నెని బయట పెట్టేసరికి అందులో పొడి లేతగా, ముద్దుగా, గులాబీ రంగులో ఉంది.

కబురందుకుని మంత్రిగారే దిగారు. పొడిని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంటమ్మా, సిగ్గుపడుతోంది?"

"ఇనుము సార్. కాస్త ఉండిపోయింది."

"నేనేమో తెల్లగా ఉంటుందని చెప్పాను. శాసనసభ ముందు ఇలా మొహం ఎర్రబడ్డ పొడిని పెడితే మనమేదో తప్పు చేసినట్టుంటుంది."

"కాస్త సున్నం కలిపితే?" అన్నాడు పీఏ.

"అప్పుడది అల్యూమినా కాదు సార్," అంది కెమిస్టమ్మ.

"చూడ్డానికి తెల్లగా ఉంటుందిగా?"

"ఉంటుంది."

"మరి సమస్యేంటి?"

ఆమె మంత్రిగారి వైపు తిరిగింది. "ఇంకోసారి కరిగించి, నిదానంగా మళ్లీ స్ఫటికాలు తీస్తాను సార్. తప్పకుండా తెల్లగా వస్తుంది. టైమివ్వండి," అని బతిమాలింది.

"టైమ్ తప్ప ఏదైనా అడుగమ్మా," అన్నారు మంత్రిగారు ఎంతో ఉదారంగా.

ఇంట్లో ఆమె అత్తగారు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, అచ్చులో ఉన్న ప్రతి ముక్కా నమ్ముతుంది. ఆ సాయంత్రం కోడలి చేతుల మీద ఆమ్లం మచ్చలు చూసి, కొబ్బరినూనె తెచ్చి రాస్తూ కూచుంది.

"అమ్మాయ్, ఈ పిండి వస్తే నీకేమొస్తుందే?"

"ఏమీ రాదత్తయ్యా."

"రాకపోతే?"

"అప్పుడు ల్యాబు ఎత్తేస్తారట. డైరెక్టరుగారు అన్నారు."

"మరి నీకెందుకే మొహం అలా వెలిగిపోతోంది?"

"వస్తుందత్తయ్యా. ఆ మట్టిలోంచి నిజంగానే వస్తుంది. తొందరపెట్టకుండా నన్నొదిలేస్తే తీసి చూపిస్తాను," అంది. మంత్రిగారి మాటల్ని నిజమని నమ్మిన మనిషి ఆ ప్రభుత్వం మొత్తంలో బహుశా ఆమె ఒక్కతే.

*

సమావేశాలు మొదలవబోయే ముందు రోజు పీఏ ల్యాబులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, బీరువా పై అరలో ఒక సీసా చూశాడు. లోపల పొడి మంచులా ఉంది.

"ఇదెప్పుడొచ్చింది? చెప్పరేంటమ్మా!"

"అది మనం తీసింది కాదు సార్. ఓ కంపెనీ నుంచి కొన్నది. మనది ఎంత స్వచ్ఛంగా వచ్చిందో దాంతో పోల్చి చూసుకోడానికి."

"ఎవరు కొన్నారు?"

"ల్యాబే సార్."

"అంటే ప్రభుత్వం. ప్రభుత్వం కొంటే ప్రభుత్వానిదేగా?"

"సరుకు ప్రభుత్వానిదే గానీ..."

"ఇప్పుడిది ఈ ల్యాబులోంచి బయటికి వస్తుందా, రాదా?"

"మీరు పట్టుకెళ్తే వస్తుంది."

"లోపలున్నదాన్ని బయటికి తీయడాన్నే కదామ్మా ఎక్స్‌ట్రాక్షన్ అంటారు?"

కెమిస్టమ్మ డైరెక్టరు వైపు చూసింది. డైరెక్టరు కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. ఆకాశంలో ఆయనకి ఏం కనిపించిందో గానీ, వెనక్కి తిరిగి, "గోరువెచ్చని నీళ్లు పట్రండి," అన్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన స్వహస్తాలతో ఒక ప్రయోగం చేశాడు. కోటు చేతులు మడిచి, సీసాని నీళ్లలో నిలబెట్టి, జిగురు నానేదాకా ఓపిగ్గా నిరీక్షించి, కంపెనీ లేబులుని ఒక్క చిరుగు లేకుండా విడదీశాడు. అంత నేర్పు చూసి కెమిస్టమ్మకి కూడా ముచ్చటేసింది. ఈయన చేతిలో ఇంత ఓపికుంటే ఇన్నాళ్లూ వడపోత దగ్గర ఎందుకు నిలబడలేదా అనిపించింది.

"సార్, ఇది తప్పు," అంది.

"తాత్కాలికం," అన్నాడు డైరెక్టరు సీసా తుడుస్తూ. "మీది వచ్చాక మార్చేద్దాం."

*

శాసనసభలో మంత్రిగారు సీసా బల్ల మీద పెట్టిన ఘట్టాన్ని వర్ణించడం కష్టం. అధికార పక్షం బల్లలు చరిచింది. ఆర్థిక మంత్రి కళ్లు తుడుచుకున్నారు. ఒక సభ్యుడు లేచి, ఇంత తెల్లటి పదార్థాన్ని తన రాజకీయ జీవితంలో చూడలేదని అన్నాడు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు.

మర్నాడు అత్తగారు పేపరు పట్టుకుని వాకిట్లోకీ లోపలికీ తిరిగింది. "మట్టిని వెన్నగా మార్చిన మంత్రి" అని పెద్ద అక్షరాలు. కింద ల్యాబులో దిగిన ఫొటోలో మంత్రిగారి పక్కన కోడలి మోచేయి పడింది.

"తీశావన్నమాట!"

"లేదత్తయ్యా. అది నేను తీసింది కాదు."

"పేపర్లో వేశారే!"

"వేశారు."

అత్తగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని పేపరు చూసింది. అచ్చు మారలేదు. ఆవిడ ఆ రోజు మధ్యాహ్నం పేపరు పూర్తిగా చదవలేదు. అలా జరగడం అదే మొదలు.

సీసా వెళ్లిపోయాక పీఏ రావడం మానేశాడు. ఫోన్లు ఆగిపోయాయి. కెమిస్టమ్మని ఎవరూ తొందరపెట్టలేదు, పని ఆపమనీ ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆమె సంగతి అందరూ మర్చిపోయారు. ఆమెకి కావలసిందీ అదే. పొద్దున్నే మెట్ల కింది నీళ్ల సీసాలు తెచ్చుకుని ఒక్కొక్కటే పరీక్ష చేసేది. మధ్యాహ్నం నుంచి గులాబీ స్ఫటికాల పని. మళ్లీ కరిగించింది. మంచుగడ్డల మధ్య చల్లబరిచింది. ఆమ్లవాయువుని ఒక్కో బుడగే, పసిపిల్లకి పాలు పట్టినంత నిదానంగా పంపింది. ఈసారి స్ఫటికాలు పెద్దవిగా, విడివిడిగా, మెరుస్తూ దిగాయి. పసుపుపచ్చని నీళ్లలోనే ఇనుమంతా ఉండిపోయింది. స్ఫటికాల్ని చల్లటి ఆమ్లంతో కడిగింది. మళ్లీ కరిగించింది. మళ్లీ దించింది.

ఒక మధ్యాహ్నం కొలిమి తలుపు దగ్గరి ఇటుక తీసి, పటకారుతో మూసని బయట పెట్టింది. పొడి తెల్లగా ఉంది. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఎండలోనూ తెల్లగానే ఉంది. కొలిచి చూసుకుంది. తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది.

గదిలో ఎవరూ లేరు. ఫ్యాను ఒక్కటే గులకరాళ్ల మోత మోగిస్తోంది. కెమిస్టమ్మ స్టూలు మీద కూలబడి, కొంగుతో నోరు మూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. ఆ గుట్ట మట్టిలోంచి అల్యూమినా వస్తుందని ప్రపంచంలో అప్పటికి తెలిసింది ఆమె ఒక్కదానికే. మిగతావాళ్లందరికీ అంతకుముందే తెలుసు.

పొడిని చిన్న సీసాలో పోసుకుని డైరెక్టరు గదికి వెళ్లింది. డైరెక్టరు దాన్ని చూసి దిగ్గున లేచి తలుపేశాడు. ఇద్దరూ మంత్రిగారి దగ్గరికి వెళ్లారు.

"వచ్చింది సార్!" అంది కెమిస్టమ్మ. "గుట్ట మట్టిలోంచే. నిజంగా వచ్చింది!"

మంత్రిగారు ఆ చెంచాడు పొడినీ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆమె సంతోషం చూసి ఆయనకీ సంతోషమేసింది. తర్వాత భయమేసింది.

"ఎంత పని చేశావమ్మా," అన్నారు.

"సార్?"

"ఇప్పుడు నిజంగా తీశావంటే, అప్పుడు తీసిందేంటని అడగరూ?"

కెమిస్టమ్మ ఆ దిక్కుగా ఆలోచించలేదు.

"ఆ సీసా మార్చేస్తామన్నారు కదండీ," అంది డైరెక్టరు వైపు తిరిగి.

"అది ఇప్పుడు శాసనసభ ఆస్తి. సీలు వేశారు," అన్నాడు డైరెక్టరు. "పైగా ఒకసారి కనిపెట్టినదాన్ని మళ్లీ కనిపెట్టడానికి రూల్సులో ఎక్కడా వీల్లేదు."

"నీదీ అదీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుందా?" అడిగారు మంత్రిగారు.

"తెలీదు సార్. అంత బాగా వచ్చింది," అంది ఆమె ఇంకా ఆ గర్వం వదల్లేక.

"తేడాయే లేనప్పుడు ఇదెందుకమ్మా, అనవసరంగా?" మంత్రిగారు ఆప్యాయంగా ఆమె తల మీద చెయ్యి వేశారు. "దాచెయ్. ఎవరికీ చెప్పకు. నీ కష్టం నేను మర్చిపోను."

ఆ తర్వాత ఆయనకి చాలా పనులు పడ్డాయి.

*

ప్రతిపక్ష నాయకుడు మాట్లాడితే మైకు అక్కర్లేదని పేరు. ఒకరోజు ఆయన సభలో లేచి, "ఆ సీసాలో ఉన్నది అల్యూమినా కాదు, గోడలకి కొట్టే సున్నం!" అని గర్జించారు. సభ అట్టుడికిపోయింది. విచారణ సంఘం వేయాలన్నారు. వేశారు. అధ్యక్షుడిగా ప్రతిపక్ష నాయకుణ్నే పెట్టారు. ప్రజాస్వామ్యం అంటే ఎలా ఉండాలో చూడండని పేపర్లు సంపాదకీయాలు రాశాయి.

సాక్షిగా కెమిస్టమ్మని పిలిచారు.

"ఏం చెప్తావే?" అంది అత్తగారు ఆ ఉదయం జడ వేస్తూ.

"ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ల్యాబు పోతే పోనీ."

"నీ ఉద్యోగమో?"

"పోతే ఇంట్లో కూచుంటాను. నీళ్లు నములుతూ ఎన్నాళ్లత్తయ్యా?"

అత్తగారు జడ చివర ముడి గట్టిగా బిగించింది. "వెళ్లిరా. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పు. మెత్తగా మాట్లాడకు," అంది, పరీక్షకి పంపుతున్నట్టు.

కెమిస్టమ్మ తన చిన్న సీసాని చేతిసంచిలో పెట్టుకుని వెళ్లింది.

పొడవాటి బల్ల. దాని చుట్టూ రెండు పక్షాల సభ్యులు, నీళ్ల గ్లాసులు, బిస్కెట్ల పళ్లేలు. ఒక పక్క మంత్రిగారు, డైరెక్టరు. నడుమ సీలు వేసిన పెద్ద సీసా. ప్రతిపక్ష నాయకుడు దాన్ని చేతిలోకి తీసుకుని, తలకిందులు చేసి, అడుగున గాజు మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాల్ని బొటనవేలితో ఒకసారి తడిమి, మళ్లీ నిలబెట్టారు.

"అమ్మా! ఇది సున్నమా?" అని గర్జించారు.

"కాదు సార్."

"ఉప్పా?"

"కాదు సార్."

"మరేంటి?"

"అల్యూమినా సార్."

అధికార పక్షం సభ్యులు ఒకరినొకరు చూసుకున్నారు.

"స్వచ్ఛమైనదేనా?"

"చాలా స్వచ్ఛమైనది సార్. కానీ..."

"అడిగినదానికే చెప్పాలి! ఆ గుట్ట మట్టిలోంచి అల్యూమినా తీయడం అసలు సాధ్యమా?"

"సాధ్యమే సార్."

"ఎవరైనా తీశారా?"

"నేనే తీశాను సార్. కానీ..."

"ఆ ‘కానీ’ని రికార్డుల్లోంచి తొలగించండి," అన్నాడొక సభ్యుడు. టైపిస్టు తొలగించింది.

కెమిస్టమ్మ చేతిసంచి దగ్గరికి లాక్కుంది. తను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అన్నీ కలిపి చూస్తే ఒక్క నిజమూ లేదు. మంత్రిగారు అప్పటికే చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. అధ్యక్షులవారు, "ఇక మీరు వెళ్లొచ్చు," అంటున్నారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని ఆమె కుర్చీ వెనక్కి నెట్టి నిలబడింది.

"నేను తీసింది ఆ సీసాలో లేదండీ!" అంది గట్టిగా. చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద టక్కున పెట్టింది. "ఇదిగో, ఇందులో ఉంది!"

డైరెక్టరు కుర్చీలో సగానికి సగం కిందికి జారాడు. మంత్రిగారి రుమాలు కళ్ల దగ్గరే ఆగిపోయింది.

ముందుగా తేరుకున్నది అధికార పక్షం సభ్యుడొకాయన.

"అంటే... ఇది ఆ సీసా కాక ఇంకో సీసానా?"

"అవునండీ! ఇది వేరు, అది వేరు!"

"రెండు సీసాలా!" ఆయన లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా! మంత్రిగారు ఒక్కటే అని మాటిచ్చి రెండు తీయించారు! ఉత్పత్తి రెట్టింపయింది!"

బల్లలు మోగాయి. బిస్కెట్లు ఎగిరిపడ్డాయి. "అది కాదండీ, నా మాట వినండి, ఆ పెద్దదాన్ని..." అని కెమిస్టమ్మ అరుస్తూనే ఉంది. చప్పట్ల మోత ల్యాబు ఫ్యానుని మించిపోయింది.

మంత్రిగారు మెల్లగా లేచి చేతులు జోడించారు. "రెండో సీసా సంగతి నేనుగా చెప్పుకోకూడదనుకున్నాను," అన్నారు. "ప్రచారం నాకు గిట్టదు."

సంఘం తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మంత్రిగారికి అభినందన, కెమిస్టమ్మకి ప్రశంస, ప్రతిపక్ష నాయకుడి నిష్పాక్షికతకి జోహారు. చిన్న సీసాకీ అక్కడికక్కడే సీలు వేసేశారు. ఆమె చెయ్యి చాపేలోపే దాన్ని పట్టుకుపోయారు.

కెమిస్టమ్మ ఖాళీ చేతిసంచితో బయటికి వచ్చింది. మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడి, సాయంత్రం అత్తగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తోంది. వెనక అడుగుల చప్పుడైంది. చూస్తే ప్రతిపక్ష నాయకుడు. ఒక్కడే ఉన్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఆమెకి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించాడు. ఆ గొంతుకి తగ్గడం కూడా తెలుసని ఆమెకి అంతవరకూ తెలీదు.

"అమ్మా, చిన్న డౌటు. మా వైపు మట్టి నల్లగా ఉంటుంది. అందులోంచి తీసినా ఈ కంపెనీదే వస్తుందా, నల్లమట్టికి వేరే కంపెనీ ఉంటుందా?"